చిన్న బాడీ, మహాగని పైపలక: ఈ గిటార్ స్వభావం ఏమిటి, ఎవరికి నప్పుతుంది?

అకూస్టిక్ గిటార్లు అమ్మే దుకాణంలో గోడకు వరసగా తగిలించినవాటిని చూస్తే, చాలావాటి ముందు భాగం లేత గంధపు రంగులో ఉంటుంది. వాటి మధ్య ముందూ వెనకా పక్కలూ అంతా ఒకే ముదురు ఎరుపు గోధుమ రంగులో, పెద్దగా నిగనిగ లేకుండా, మిగతావాటికంటే కాస్త చిన్నగా ఉన్న గిటార్లు కొన్ని కనిపిస్తాయి. ‘ఆల్ మహాగని’, ‘మహాగని టాప్’ అని వాటి చీటీ మీద ఉంటుంది. వీటి టోన్ ‘వార్మ్’గా ఉంటుందనీ, పాడేవాళ్ళకు బాగా నప్పుతుందనీ అమ్మేవారు చెబుతారు, శబ్దం తక్కువనీ, మూసుకుపోయినట్టు వినిపిస్తుందనీ వాయించేవారిలో కొందరు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే అందులో చెక్క వల్ల వచ్చినది ఎంత, సైజు వల్ల వచ్చినది ఎంత, చీటీ మీది పేరు కల్పించినది ఎంత అన్నది విడదీసి చూస్తే తప్ప కొనేవారికి ఆ మాటలు ఉపయోగపడవు.

పైపలక చేసే పని, అందులో చెక్క పాత్ర

తీగ ఒక్కటే మోగితే వచ్చే శబ్దం చాలా స్వల్పం, ఎందుకంటే అంత సన్నటి తీగ గాలిని నెట్టలేదు. తీగలోని కంపనం సాడిల్ అనే చిన్న పట్టీ మీదుగా, పలకకు అతికించిన బ్రిడ్జ్ అనే చెక్కముక్కలోకి, అక్కడి నుంచి పైపలకలోకి దిగుతుంది. ఆ పలక మొత్తం ముందుకీ వెనక్కీ కదిలి గాలిని నెడుతుంది. మనం వినేది ప్రధానంగా ఆ పలకనే. అందుకే గిటార్ తయారుచేసేవారు మిగతా ఏ భాగానికీ చూపనంత శ్రద్ధ పైపలక చెక్కను ఎంచడంలో చూపుతారు.

ఆ పలకకు ఎక్కువగా వాడే చెక్క స్ప్రూస్. అది చలి ప్రాంతాల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకులున్న చెట్టు. మహాగని ఉష్ణమండలపు వెడల్పాటి ఆకుల చెట్టు. ధ్వని విషయంలో ఈ రెండింటినీ వేరుచేసేవి ముఖ్యంగా రెండు గుణాలు: చెక్క ఎంత బరువు, వంగకుండా ఎంత గట్టిగా నిలుస్తుంది. సిట్కా స్ప్రూస్ సగటున ఘనపు మీటరుకు 425 కిలోలు తూగుతుంది. హోండురాస్ మహాగని సుమారు 590 కిలోలు. వంపును తట్టుకునే గుణంలో మాత్రం అంత తేడా లేదు. దాన్ని కొలిచే స్థితిస్థాపక గుణకం స్ప్రూస్‌కు సుమారు 11 గిగాపాస్కల్స్ అయితే మహాగనికి సుమారు 10.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. స్ప్రూస్ పలక ఎంత గట్టిగా నిలుస్తుందో అంతే గట్టిగా నిలిచే మహాగని పలక కావాలనుకుందాం. పలక గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది కనుక, మహాగనిలో ఉన్న కొద్దిపాటి లోటును పూడ్చడానికి 3 శాతం అదనపు మందం చాలు. కానీ ఆ పలక బరువు స్ప్రూస్ పలక కంటే దాదాపు 43 శాతం ఎక్కువవుతుంది. తీగలు ఇచ్చే శక్తి మారలేదు, కదపవలసిన బరువు మాత్రం పెరిగింది. ఇంకో విధంగా కూడా ఇది తెలుస్తుంది. చెక్క నార వెంట ధ్వని ప్రయాణించే వేగం స్ప్రూస్‌లో సెకనుకు సుమారు 5,100 మీటర్లు, మహాగనిలో సుమారు 4,100 మీటర్లు. ఆ వేగాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చే అంకె, పలక తన కంపనాన్ని ఎంత సులువుగా గాలిలోకి వదులుతుందో సూచిస్తుంది. స్ప్రూస్‌కు అది 12 దాకా వస్తే మహాగనికి 7 దగ్గర ఆగుతుంది.

ఇవి సగటు లెక్కలని గుర్తుంచుకోవాలి. ఒకే జాతి చెట్ల నుంచి వచ్చిన పలకల మధ్య కూడా తేడాలుంటాయి. తయారీదారు పలకను పల్చగా చెక్కవచ్చు, లోపల అతికే బ్రేసింగ్ పట్టీలను తేలిక చేయవచ్చు. కాబట్టి శ్రద్ధగా కట్టిన మహాగని గిటార్, మోటుగా కట్టిన స్ప్రూస్ గిటార్ కంటే గట్టిగా పలకడంలో వింతేమీ లేదు. చెక్క ఎటువైపు మొగ్గు చూపుతుందో మాత్రమే ఈ అంకెలు చెబుతాయి.

‘వార్మ్’, ‘డ్రై’, ‘హెడ్‌రూమ్’ అన్న మాటల వెనక ఏముంది

ఏ తీగ మోగినా అందులో ఒక మూలస్వరం, దాని పైన అనేక ఉపస్వరాలు కలిసి ఉంటాయి. తంబురా శ్రుతిలో మీటని గాంధారం పైన తేలుతూ వినిపించడం సంగీతం వినేవారికి తెలిసిన అనుభవమే. అది ఉపస్వరాల పనే. స్ప్రూస్ పలక ఈ పై స్వరాలను ధారాళంగా వదులుతుంది, అందుకే ఒక కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు) వాయించిన తర్వాత చుట్టూ ఒక మెరుపు నిలుస్తుంది. మహాగని పలకలో ఆ పై స్వరాలు తొందరగా అణిగిపోతాయి, మూలస్వరం ముందుకొస్తుంది. వినేవారు దీన్నే వార్మ్ అనీ, డ్రై అనీ అంటారు. ఒకే లక్షణాన్ని ఇష్టపడినవారు మొదటి మాటతో, ఇష్టపడనివారు ‘మూసుకుపోయింది’ అన్న మాటతో చెబుతున్నారన్నది నా అభిప్రాయం.

హెడ్‌రూమ్, అంటే ఇంకా బలంగా వాయిస్తే శబ్దం పెరగడానికి మిగిలి ఉన్న జాగా, మరో సంగతి. జి కార్డ్‌ను మొదట బొటనవేలి మెత్తని భాగంతో నెమ్మదిగా, తర్వాత పిక్‌తో మామూలుగా, ఆ తర్వాత బలంగా వాయిస్తూ పోతే, స్ప్రూస్ గిటార్‌లో చేతి బలం పెరిగినకొద్దీ శబ్దం కూడా పెరుగుతూ పోతుంది. మహాగని పైపలకతో మొదటి రెండు మెట్లలో స్ప్రూస్‌కూ దీనికీ తేడా పెద్దగా కనిపించదు. మెత్తని స్పర్శకే పలక చక్కగా స్పందిస్తుంది. మూడో మెట్టుకు వచ్చేసరికి శబ్దం పెరగడం తగ్గి, గుండ్రంగా నొక్కినట్టు అవుతుంది. ఇంకా బలంగా కొట్టినకొద్దీ తీగ మెడ మీది లోహపు పట్టీలైన ఫ్రెట్లకు తగిలే చప్పుడు పెరుగుతుందే కాని స్వరం పెరగదు. వేళ్ళతో వాయించేవారికి ఇది లాభం, ఎందుకంటే ఒక తీగ ఎక్కువగా, మరొకటి తక్కువగా మీటినా ఎగుడుదిగుళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి. బలమైన స్ట్రమ్మింగ్‌తో (తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటడంతో) గదిని నింపాలనుకునేవారికి మాత్రం ఇది గోడలాగా అడ్డుపడుతుంది.

చిన్న బాడీ అంటే ఎంత చిన్నది

గిటార్ సైజులకు అందరూ వాడే పేర్లు చాలావరకు అమెరికాలోని మార్టిన్ కంపెనీ పెట్టినవి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నజరెత్ పట్టణంలో ఉన్న ఈ సంస్థ 1833లో మొదలైంది. దాని లెక్కలో సున్నాలు పెరిగినకొద్దీ గిటార్ పెద్దదవుతుంది. 0 సైజు గిటార్ కింది పొట్ట వెడల్పు 13.5 అంగుళాలు, 00 సైజుకు 14 అంగుళాలపై చిల్లర, 000 సైజుకు 15 అంగుళాలు. మన దుకాణాల్లో అందరికీ అలవాటైన డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు 15.6 అంగుళాలు. ఇతర కంపెనీల ‘కన్సర్ట్’, ‘గ్రాండ్ కన్సర్ట్’, ‘పార్లర్’ అన్న పేర్లు వీటికి కచ్చితంగా సరిపోవు. ఒకరి కన్సర్ట్ మరొకరి ఆడిటోరియమ్‌కు దగ్గరగా ఉండవచ్చు. పేరు కంటే పొట్ట వెడల్పు, లోతు అంగుళాల్లో చూసుకోవడమే నమ్మదగినది.

వెడల్పులో తేడా రెండంగుళాలే కదా అనిపిస్తుంది. పొడవు, లోతు కూడా కలిపి చూస్తే సంగతి మారుతుంది. మెడ 14వ ఫ్రెట్ దగ్గర బాడీని కలిసే 0 సైజు గిటార్ బాడీ పొడవు సుమారు 18.4 అంగుళాలు, లోతు 4.25, డ్రెడ్‌నాట్‌కు పొడవు 20, లోతు 4.9 దాకా. మూడింటినీ గుణించి పోలిస్తే, చిన్న గిటార్ లోపల గాలి దాదాపు 30 శాతం తక్కువని తేలుతుంది. పెట్టెలోని గాలికి తనదైన ఒక అనునాదం ఉంటుంది. డ్రెడ్‌నాట్‌లో అది 100 హెర్ట్జ్ పరిసరాల్లో ఉండి, అన్నిటికంటే లావైన ఆరో తీగ అడుగు స్వరమైన 82 హెర్ట్జ్‌కు దన్నుగా నిలుస్తుంది. పెట్టె చిన్నదైతే ఆ అనునాదం పైకి జరుగుతుంది, ఆరో తీగకు అందే దన్ను తగ్గుతుంది. చిన్న గిటార్‌లో బేస్ పల్చగా ఉండడానికి కారణం ఇదే.

సైజుతో పాటు ఇంకో రెండు కొలతలు ధ్వనినీ చేతి సుఖాన్నీ మారుస్తాయి. మొదటిది స్కేల్ లెంగ్త్, అంటే మెడ పై చివర తీగలు ఆనే నట్ అనే పట్టీ నుంచి సాడిల్ దాకా మోగే తీగ పొడవు. ఒకే మందం తీగను ఒకే శ్రుతికి బిగిస్తే, దాని బిగువు పొడవు వర్గంతో మారుతుంది. 25.4 అంగుళాల స్కేల్‌తో పోలిస్తే 24.9 అంగుళాల గిటార్‌పై బిగువు 4 శాతం తగ్గుతుంది. టేలర్ జీఎస్ మినీలాంటి 23.5 అంగుళాల గిటార్‌పై 14 శాతం దాకా తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవారి వేళ్ళకు ఆ తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. రెండోది మెడ ఎన్నో ఫ్రెట్ దగ్గర బాడీని కలుస్తుందన్నది. పాతకాలపు గిటార్లు 12వ ఫ్రెట్ దగ్గర కలిసేవి. అట్లాంటా నగరానికి చెందిన పెర్రీ బెక్టెల్ అనే బాంజో వాద్యకారుడు పైస్వరాల దాకా చెయ్యి అందాలని కోరడంతో మార్టిన్ 1929లో 14 ఫ్రెట్ల ఆర్కెస్ట్రా మోడల్ తయారుచేసింది, తర్వాత అదే వాడుకగా స్థిరపడింది. 12 ఫ్రెట్ల అమరికలో బ్రిడ్జ్ పొట్ట మధ్యకు జరుగుతుంది, పలకలో ఎక్కువగా కదిలే చోటు అదే కావడంతో చిన్న గిటార్‌కూ కాస్త నిండుదనం వస్తుంది. చిన్న గిటార్ కావాలి కాని పీలగా పలకకూడదు అనుకునేవారు ఈ అమరికను ఒకసారి విని చూడడం మంచిది.

రెండూ ఒకే గిటార్‌లో కలిసినప్పుడు

కొనేవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇక్కడే. చిన్న బాడీ, మహాగని పైపలక రెండూ ఒక విషయంలో జతకూడతాయి, మరో విషయంలో ఒకదాన్నొకటి సర్దుతాయి. శబ్ద పరిమాణం దగ్గర అవి జతకూడతాయి: చిన్న పలక తక్కువ గాలిని నెడుతుంది, బరువైన చెక్క ఇంకొంచెం తగ్గిస్తుంది. డ్రెడ్‌నాట్ స్ప్రూస్ గిటార్‌కు అలవాటుపడిన చెయ్యి ఈ గిటార్ పట్టుకుంటే మొదట నిరుత్సాహపడేది అందుకే. స్వర సమతౌల్యం దగ్గర మాత్రం అవి సర్దుకుంటాయి. చిన్న పెట్టెలో బేస్ తగ్గి సన్నగా ఉండే మొదటి రెండు తీగలు కీచుగా ముందుకొచ్చే ప్రమాదం ఉంది. మహాగని ఆ పైస్వరాల పదునును తగ్గిస్తుంది. ఫలితంగా ఆరు తీగలూ ఇంచుమించు సమానంగా, మధ్యస్థాయిలో గుమికూడి వినిపిస్తాయి. పెద్ద బాడీకి మహాగని పైపలక వేస్తే ఈ సర్దుబాటు అంతగా కుదరదని, బేస్ మందంగా మిగిలిపోతుందని నాకనిపిస్తుంది. ఇది చెవికి సంబంధించిన సంగతి కనుక దీనితో విభేదించేవారూ ఉన్నారు.

గొంతుకు తోడుగా ఈ గిటార్ బాగుంటుందన్న మాటకు మూలం కూడా ఇదే. పాటలో మాటలను స్పష్టం చేసే హల్లులు పైస్థాయిలో ఉంటాయి. స్ప్రూస్ డ్రెడ్‌నాట్ స్ట్రమ్మింగ్‌లో పుట్టే మెరుపు సరిగ్గా అక్కడే పరుచుకుంటుంది. మహాగని ఆ చోటును గొంతుకు వదిలేస్తుంది. రికార్డింగ్ చేసేవారికి ఈక్వలైజర్‌తో కోసేయవలసిన భాగం కూడా తగ్గుతుంది.

మొదట ఇది చవక గిటార్

ఈ చెక్కకు ఇప్పుడున్న ప్రత్యేకమైన పేరు మొదట లేదు. 1910లు, 20లలో అమెరికాలో హవాయి సంగీతం మోజు పెరిగి, మహాగనితో చేసిన ఉకులేలేలు విరివిగా అమ్ముడయ్యాయి. 1922లో మార్టిన్ తన 2-17 మోడల్‌ను మహాగని పైపలకతో, ఉక్కు తీగలకు తగినట్టుగా తయారుచేసింది. ఉక్కు తీగలనే ప్రామాణికంగా పెట్టుకున్న ఆ కంపెనీ తొలి మోడల్‌గా దాన్ని చెబుతారు. అలంకారాలు లేని ఈ గిటార్లు ధరల పట్టికలో అడుగున ఉండేవి. తక్కువ డబ్బుతో మంచి పనితనం కోరుకున్న సామాన్యుల చేతుల్లోకి అవి వెళ్ళాయి. దాని వారసత్వం ఈనాటి 00-15ఎం, 000-15ఎం మోడళ్ళలో కనిపిస్తుంది, కానీ మన దేశంలో వాటి దిగుమతి ధర సామాన్యులకు అందేది కాదు.

చీటీ మీది ‘మహాగని’: ఏ చెట్టు, ఎంత మందం

మహాగని మన వేప చెట్టు కుటుంబానికి చెందినది. అసలు మహాగని అనదగిన స్వైటీనియా జాతి మధ్య, దక్షిణ అమెరికాలదీ కరీబియన్ దీవులదీ. అడవులు అతిగా నరకడంతో పెద్దాకుల మహాగనిని, అక్కడి సహజ ప్రాంతాల వరకు, 2003 నుంచి సైటిస్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం నియంత్రణలో ఉంచారు. ఆ నియంత్రణ దుంగలకు, కోసిన చెక్కకు, వెనీర్‌కు, ప్లైవుడ్‌కు వర్తిస్తుంది. తయారైన గిటార్‌కు కాదు. అయినా చెక్క సరఫరా తగ్గడంతో కంపెనీలు బంధువుల వైపు తిరిగాయి. ఆఫ్రికాకు చెందిన ఖాయా, సపేలే రెండూ అదే వేప కుటుంబంలోవి. సపేలే కొంచెం బరువు, దాని మీద రిబ్బన్‌లాంటి చారలు వెలుతురు పడే కోణాన్ని బట్టి ముదురుగానూ లేతగానూ మారుతూ కనిపిస్తాయి. గాబన్ దేశంలో పెరిగే ఒకూమే వేరే కుటుంబానిది, బాగా తేలిక. ఆసియాలో నాటో పేరుతో అమ్మే చెక్క కూడా వేరే జాతే. వీటన్నిటినీ ‘మహాగని’ అన్న ఒక్క పేరు కింద అమ్మడం ఉంది. వీటిలో ఏదీ చెడ్డ చెక్క కాదు, కానీ 430 కిలోల ఒకూమే, 670 కిలోల సపేలే ఒకే విధంగా పలుకుతాయని అనుకోవడం సరికాదు.

ఆంధ్ర, తెలంగాణ రైతులు ఇటీవలి ఏళ్ళలో పొలం గట్ల మీద, తోటలుగా నాటుతున్న మహాగని కూడా స్వైటీనియా జాతిదే. దాని కలపకు గిటార్ల గిరాకీ ఉందన్న మాట విన్నప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. పైపలకకు ముడులు లేని, నార నిటారుగా ఉన్న, దుంగ మధ్య నుంచి అంచుకు నిలువుగా కోసిన వెడల్పాటి చెక్క కావాలి. అది లావెక్కిన, నేరుగా పెరిగిన మానుల్లోనే దొరుకుతుంది.

జాతి కంటే ఎక్కువ తేడా తెచ్చేది పలక సాలిడా (అంతా ఒకే చెక్కా), పొరలు అతికించినదా అన్నది. పొరల పలకలో పైకి కనిపించే మహాగని కాగితమంత పొర. దాని అడుగున నార అడ్డంగా ఉన్న మరో చవక చెక్క ఉంటుంది. పొరల మధ్య ఉన్న జిగురూ అడ్డనారా పలకను బిగదీసి కంపనాన్ని తగ్గిస్తాయి. ఇది తెలుసుకోవడానికి పైపలక మధ్యనున్న రంధ్రం, అంటే సౌండ్ హోల్ అంచును ఫోన్ టార్చ్ వెలుతురులో దగ్గరగా చూస్తే చాలావరకు చాలు. పైన కనిపించే నార గీత అంచు దగ్గర తెగకుండా మందం వెంట కిందికి దిగుతూ ఉంటే అది సాలిడ్ పలక. అంచులో ముదురు, లేత, ముదురు అని మూడు సన్నటి గీతలు శాండ్‌విచ్‌లా కనిపిస్తే అది పొరలది. కొన్ని కంపెనీలు ఆ అంచుకు రంగు పూయడమో, ప్లాస్టిక్ పట్టీ అతికించడమో చేస్తాయి కనుక కంపెనీ ఇచ్చే వివరాల్లో ‘సాలిడ్’ అన్న మాట ఉందో లేదో కూడా చూడాలి. ‘మహాగని టాప్’ అని మాత్రమే ఉండి సాలిడ్ అని లేకపోతే, అది పొరల పలక అనుకోవడమే క్షేమం. పైన సాలిడ్, వెనకా పక్కలా పొరలు అన్న మధ్యరకం కూడా ఉంది; టేలర్ జీఎస్ మినీ మహాగని అలాంటిదే. డబ్బు పరిమితంగా ఉన్నవారికి ఈ రకం న్యాయమైన రాజీ.

చెక్క గురించిన వాదన ఎంతవరకు నిలుస్తుంది

చెక్క తేడాలన్నీ అమ్మకపు కథలేనని వాదించేవారు తరచుగా 2018లో ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనాన్ని చూపిస్తారు. అందులో ఒకే తయారీదారు ఒకే కొలతలతో ఆరు గిటార్లు కట్టాడు. వెనక, పక్క పలకల చెక్క మాత్రం ఒక్కోదానికి వేరు. వాటిలో మహాగని, సపేలే, రోజ్‌వుడ్ ఉన్నాయి. ఏ చెక్కో కనబడకుండా 52 మంది గిటారిస్టులు వాయించి మార్కులు వేస్తే, ధ్వని నాణ్యతలో తేడా దాదాపు లేదని తేలింది. ఖరీదైన వెనకపలక చెక్క కోసం అదనంగా ఖర్చుపెట్టే ముందు ఆలోచించమని చెప్పడానికి ఇది బలమైన ఆధారం. అయితే ఆ ఆరు గిటార్లకూ పైపలక ఒకటే, సిట్కా స్ప్రూస్. కాబట్టి పైపలక చెక్క మారితే ధ్వని మారదని ఈ అధ్యయనం చెప్పజాలదు, చెప్పనూ లేదు. మరోవైపు, మహాగని గురించి గట్టిగా మాట్లాడేవారు కూడా రెండు గిటార్ల మధ్య తాము విన్న తేడాలో పలక మందం, బ్రేసింగ్, తీగల వయసు ఎంత ఉన్నాయో విడదీయకుండానే అంతా చెక్కకు అంటగడుతుంటారు. పైపలక చెక్క ధ్వనిని ఒక దిశలోకి మళ్ళిస్తుంది, కట్టిన చెయ్యి ఎంత దూరం వెళ్ళాలో నిర్ణయిస్తుంది అన్నంతవరకు నమ్మవచ్చు.

వాతావరణం

చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుంటుంది. పచ్చిదనం నుంచి పూర్తిగా ఆరేదాకా పైపలక అడ్డంగా కుంచించుకునేది స్ప్రూస్‌లో 4.3 శాతం దాకా ఉంటే మహాగనిలో 3 శాతం దగ్గర ఉంటుంది. సముద్రపు తేమలో ఉండే విశాఖ, కాకినాడ ఇళ్ళకూ, ఎండాకాలపు అనంతపురానికీ, శీతాకాలంలో హీటర్లు గాలిని ఎండగట్టే అమెరికాలోని తెలుగువారి ఇళ్ళకూ ఈ నిలకడ అక్కరకొస్తుంది. అంతమాత్రాన రక్షణ అక్కరలేదని కాదు. సాలిడ్ గిటార్ ఏ చెక్కదైనా 45 నుంచి 55 శాతం సాపేక్ష తేమలోనే సుఖంగా ఉంటుంది, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పగుళ్ళు రావచ్చు.

ఎవరి చేతికి ఏది

హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో ఉంటూ, సినిమా పాటలు తానే పాడుకుంటూ కార్డ్‌లు వాయించే విద్యార్థిని తీసుకుందాం. గది చిన్నది, పక్క గదిలో మరొకరు చదువుకుంటుంటారు, గిటార్ బస్సులో ఊరికి తీసుకెళ్ళాలి. ఈ అమ్మాయికి సాలిడ్ మహాగని పైపలక, పొరల వెనకపలక, కన్సర్ట్ లేదా 00 సైజు గిటార్ దాదాపు కొలిచి చేసినట్టే సరిపోతుంది. పెద్ద శబ్దం అక్కరలేని చోట దాని లోటు లోటుగా కనిపించదు. శ్రుతి పెంచి పాడడానికి కెపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే బిగింపు) వేసినప్పుడు కూడా మహాగని పైపలక కీచుమనదు.

గోదావరి జిల్లాలో ఒక చర్చిలో ఆదివారం ఆరాధనకు గిటార్ వాయించే యువకుడి అవసరం వేరు. డోలక్, కీబోర్డ్, వంద గొంతుల మధ్య అతని స్ట్రమ్మింగ్ వినపడాలి. మైకు లేకుండా అయితే స్ప్రూస్ డ్రెడ్‌నాట్ తప్ప మరో దారి లేదు. పికప్ (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) ఉన్న గిటార్‌ను యాంప్లిఫయర్‌కు కలిపి వాయించేట్టయితే లెక్క తారుమారవుతుంది, ఎందుకంటే స్పీకర్ శబ్దానికి పెద్ద పెట్టె తొందరగా కూతపెడుతుంది, చిన్న బాడీ ఆ ఫీడ్‌బ్యాక్‌ను మెరుగ్గా తట్టుకుంటుంది. అతను ఒకే ఒక గిటార్ కొనగలిగితే, పికప్ ఉందా లేదా అన్న ప్రశ్న చెక్క ఏదన్న ప్రశ్న కంటే ముందు వస్తుంది.

వేళ్ళతో మాత్రమే వాయించేవారికి ఇంకో కొలత ముఖ్యం: నట్ వెడల్పు. 43 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న నట్ మీద తీగలు దగ్గరగా ఉండి, లావు వేళ్ళవారికి పక్క తీగ తగులుతుంది. 44.5 మిల్లీమీటర్లు ఉంటే ఒక్కో తీగకు కాస్త చోటు దొరుకుతుంది. చిన్న గిటార్ అంటే మెడ కూడా సన్నగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. 12 ఫ్రెట్ల పాతరకం నమూనాల్లో బాడీ చిన్నదైనా నట్ 46 మిల్లీమీటర్ల దాకా ఉండే గిటార్లు ఉన్నాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 2.4 మిల్లీమీటర్ల పరిసరాల్లో ఉండి, తీగలు 0.012 అంగుళాలకు బదులు 0.011తో మొదలయ్యే సెట్ వేస్తే, మెత్తటి స్పర్శకు స్పందించే మహాగని గుణం పూర్తిగా బయటికొస్తుంది. దుకాణంలో పాత తీగలతో, ఎత్తైన యాక్షన్‌తో (ఫ్రెట్ల మీద తీగల ఎత్తుతో) వేలాడుతున్న గిటార్‌ను విని చెక్క మీద తీర్పు చెప్పలేకపోవడానికి కారణం అదే. ఒక కొత్త తీగల సెట్ వేయించి, యాక్షన్ సరిచేయించి వినిపించమని అడిగే హక్కు కొనేవారికి ఉంది.